రైలు దిగి విమానం ఎక్కేవరకు: హైదరాబాదులో ఒక దారి చరిత్ర

రైలు దిగిన చోటికీ విమానం ఎక్కే చోటికీ నడుమ సాగే ప్రయాణానికి తెలుగులో ప్రత్యేకమైన పేరంటూ ఏర్పడలేదు. రవాణా ప్రణాళికలు రాసేవారు దాన్ని అనుసంధానం అంటారు. అంటే రెండు వేర్వేరు సాధనాల మీద సాగే ప్రయాణం మధ్యలో తెగిపోకుండా కలిపే ఏర్పాటు. వాడుకలో దానికి పేరు లేకపోవడానికి కారణం ఉంది. హైదరాబాదులో చాలాకాలం పాటు అది ప్రత్యేకమైన ప్రయాణమే కాదు. సికింద్రాబాదు రైల్వే స్టేషనుకు అయిదారు కిలోమీటర్ల దూరంలో ఉన్న బేగంపేట విమానాశ్రయానికి జనం ఊళ్ళో మరే పేటకైనా వెళ్ళినట్టే వెళ్ళేవారు. 2008లో విమానాశ్రయం శంషాబాదుకు తరలి, స్టేషనుకు దాదాపు ముప్ఫై కిలోమీటర్ల అవతలికి చేరిన తర్వాతే ఆ నడిమి దూరానికి విడిగా బస్సులు, విడిగా టికెట్టు, విడిగా రైలు పథకాలు, వాటి మీద తగవులు పుట్టుకొచ్చాయి. ఆ దారి చరిత్రను పరిశీలిస్తే, రైలుపట్టా, విమానాశ్రయం పక్కపక్కనే ఉన్న రోజుల్లో కూడా సరిగ్గా కలుసుకోలేదనీ, కలుసుకోని ప్రతిసారీ ఆ ఖాళీని పూడ్చింది బస్సేననీ తెలుస్తుంది.

హైదరాబాదు రాజ్యంలోకి రైలు 1874లో వచ్చింది. బొంబాయి, మద్రాసు నగరాలను కలిపే దారిలోని వాడి జంక్షను నుంచి సికింద్రాబాదు వరకు ఆ ఏడాది అక్టోబరులో పట్టాలు పూర్తయ్యాయి. ఈ రైల్వేను తర్వాతి దశాబ్దంలో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అనే కంపెనీకి అప్పగించారు. గ్యారంటీడ్ అన్న మాటకు ఇక్కడ అర్థం ఏమిటంటే, ఇంగ్లండులోని మదుపరులు పెట్టిన పెట్టుబడిపై నిర్ణీతమైన రాబడి వచ్చేలా రాజ్యం తన ఖజానా నుంచి హామీ ఇవ్వడం. రైలు నష్టపోయినా మదుపరి నష్టపోడు. ఈ ఏర్పాటులో భాగమైన చాందా రైల్వే పథకాన్ని 1883లో బహిరంగంగా విమర్శించినందుకు, సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయను రాజ్యం నుంచి బహిష్కరించారు. ప్రజా రవాణాలో ప్రైవేటు పెట్టుబడి, దానికి ప్రభుత్వ హామీ, ఆ హామీపై తగవు అనే మూడు అంకాల నాటకం ఈ నగరానికి శంషాబాదు విమానాశ్రయ ఒప్పందంతో కొత్తగా వచ్చింది కాదన్న సంగతిని ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి.

వాడి మార్గం సికింద్రాబాదు నుంచి పడమరగా, హుస్సేన్‌సాగర్ ఉత్తరపు గట్టు పక్కనుంచి బేగంపేట మీదుగా సాగుతుంది. తర్వాత అరవై ఏళ్ళకు విమానాశ్రయం వెలసింది కూడా ఆ చుట్టుపక్కలే. రెండో మార్గం దక్షిణానికి పోయింది. రెండు పట్టాల నడుమ ఎడం ఒక మీటరు మాత్రమే ఉండే మీటర్ గేజ్ పద్ధతిలో, సికింద్రాబాదు నుంచి మహబూబ్‌నగర్ మీదుగా గద్వాల వరకు 1916 నాటికి వేసిన ఆ మార్గం శంషాబాదు గ్రామాన్ని తాకుతూ వెళ్ళింది. ఆ మార్గంలోని కాచిగూడ స్టేషను భవనం కూడా ఆ ఏటిదే. అంటే నేటి విమానాశ్రయం ఉన్న పరిసరాలకు విమానం కంటే తొంభై రెండేళ్ళు ముందుగా రైలు చేరుకుంది. ఆ మార్గాన్ని తర్వాత బ్రాడ్ గేజ్‌గా మార్చారు. శంషాబాదుకు దగ్గరి రైల్వే స్టేషను పేరు ఉందానగర్. ఈ పేరు మళ్ళీ వస్తుంది.

1930లో కంపెనీ చేతిలోని రైల్వేను నిజాం ప్రభుత్వం కొని తన అధీనంలోకి తెచ్చుకుంది. సరిగ్గా ఆ కాలానికే దేశమంతటా ప్రైవేటు మోటారు బస్సులు రైలు ప్రయాణికులను తన్నుకుపోతున్నాయన్న ఆందోళన బయల్దేరింది. బ్రిటిష్ ఇండియాలో మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులు ఈ పోటీ మీదే పెద్ద నివేదిక తయారుచేశారు. అక్కడ నివేదికలు నడుస్తుండగా హైదరాబాదులో రైల్వేయే స్వయంగా బస్సుల వ్యాపారంలోకి దిగింది. 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా విభాగం మొదలైంది. రైలు దిగినవాడిని అదే సంస్థ బస్సు ఎక్కించుకుని ముందుకు తీసుకుపోవడం దీని ఉద్దేశం. నేటి ఆర్టీసీలకు మూలపురుషుడు ఈ విభాగమే. బస్సుల నంబర్లలో కనిపించే జెడ్ అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరుకు గుర్తని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ మాట ఎంతవరకు నిజమైనా, బస్సు ప్రభుత్వానిదన్న భావం జనంలో ఎంత లోతుగా నాటుకుందో అది చెబుతుంది.

విమానం కూడా ఆ దశాబ్దంలోనే వచ్చింది. హైదరాబాదు ఏరో క్లబ్ ఏర్పడడంతో బేగంపేటలో విమానాలు దిగే మైదానం రూపుదిద్దుకుంది. 1937లో టెర్మినల్ భవనం కట్టారు. టెర్మినల్ అంటే ప్రయాణికుడు రోడ్డు వాహనం దిగి, టికెట్టు, సామాను తనిఖీలు ముగించుకుని విమానం వైపు నడిచే భవనం. 1945లో నిజాం ప్రభుత్వమూ టాటా సంస్థా కలిసి దక్కన్ ఎయిర్‌వేస్‌ను నెలకొల్పాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యాలు వదిలించుకున్న డకోటా విమానాలే ఆ రోజుల్లో చాలా కంపెనీలకు దిక్కు. దక్కన్ ఎయిర్‌వేస్ కూడా డకోటాలనే నడిపింది.

ఈ ఘట్టం దగ్గర కొంచెం ఆగడం అవసరం. 1945 తర్వాత కొద్దికాలం పాటు రైలు, బస్సు, విమానం మూడింటి మీదా ఒకే ప్రభుత్వానికి పెత్తనం ఉండేది. సికింద్రాబాదు స్టేషను నుంచి బేగంపేటకు దారి అయిదారు కిలోమీటర్లు. మధ్యలో అడ్డుపడే మరో యజమాని ఎవరూ లేరు. అయినా ఆ కాలంలో రైలును విమానంతో కలపాలన్న అవసరం ఎవరికీ తోచలేదు. విమానం ఎక్కేవారు నవాబులు, జాగీర్దార్లు, ఉన్నతాధికారులు, పెద్ద వ్యాపారులు. వారికి సొంత కార్లుండేవి. రైలు దిగే సామాన్యుడికి విమానంతో పని లేదు. కలిపే అధికారం ఉన్ననాడు కలవాల్సిన జనం లేరు. జనం వచ్చేనాటికి ఆ అధికారం మూడు ముక్కలైంది. హైదరాబాదు రాజ్యాన్ని భారతదేశంలో కలిపిన పోలీసు చర్య తర్వాత 1950లో రైల్వే కేంద్ర ప్రభుత్వానికి వెళ్ళింది. 1951లో రోడ్డు రవాణా విభాగం రైల్వే నుంచి విడిపోయి రాష్ట్ర ప్రభుత్వ శాఖ అయింది. 1953లో విమాన కంపెనీల జాతీయీకరణతో దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. బస్సుల శాఖ 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా మారింది. దక్షిణ మధ్య రైల్వే 1966లో సికింద్రాబాదు కేంద్రంగా ఏర్పడింది గాని, దాని నిర్ణయాలు ఢిల్లీలోని రైల్వే బోర్డు నుంచి రావాల్సిందే.

1972లో బేగంపేటలో మైదానానికి దక్షిణం వైపున కొత్త టెర్మినల్ వచ్చింది. దాంతో విమానాశ్రయం ముఖం సికింద్రాబాదు, అమీర్‌పేటల మధ్య నడిచే పెద్ద రోడ్డు వైపు తిరిగింది. విమానాశ్రయ ప్రయాణికుల కోసం ప్రత్యేకమైన బస్సు అక్కర్లేని పరిస్థితి దీనివల్లే ఏర్పడింది. సికింద్రాబాదు నుంచి మెహిదీపట్నం పోయే 49ఎం వంటి సిటీ బస్సులు ఆ రోడ్డు మీదుగానే వెళ్ళేవి. భుజాన సంచీతో వచ్చినవాడు ప్యారడైజ్, రసూల్‌పురా దాటాక దిగిపోతే సరిపోయేది. సామాను ఎక్కువైతే ఆటో మాట్లాడుకునేవాడు. రన్‌వే కంచెను ఆనుకుని రసూల్‌పురా బస్తీ ఇళ్ళుండేవి. దిగే విమానం పొట్ట బస్సు కిటికీలోంచి కనబడేది.

ఈ దారిని అసలైన ప్రజల దారిగా మార్చినవారు గల్ఫ్ వలస కార్మికులు. తెలంగాణ పల్లెల బతుకుదెరువును మూడు మాటల్లో చెప్పే నానుడి ఒకటి ప్రచారంలో ఉంది: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. ఆ వరుస ఒక కాలక్రమం కూడా, ఒక ప్రయాణక్రమం కూడా. డెబ్భైల్లో, ఎనభైల్లో దుబాయి పోవాలంటే ముందు బొంబాయి పోవాలి. సికింద్రాబాదులోనో నాంపల్లిలోనో రైలెక్కి, బొంబాయిలో దిగి, ఏజెంటు గదిలో రోజులకొద్దీ పడిగాపులు కాసి, అక్కడి విమానాశ్రయానికి చేరాలి. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల మనిషికి స్టేషను నుంచి విమానాశ్రయానికి సాగే ప్రయాణం ఆ విధంగా మొదట పరాయి ఊళ్ళో, పరాయి భాషలో అనుభవమైంది. బేగంపేట నుంచే గల్ఫ్ విమానాలు పెరిగాక ఆ రైలు అంచె తప్పింది. ఊరి నుంచి జూబ్లీ బస్ స్టేషనుకు వచ్చేవారికీ, రైల్లో సికింద్రాబాదు చేరేవారికీ విమానాశ్రయం కూతవేటు దూరమైంది. ఒక్కరు వెళ్తుంటే సాగనంపడానికి ఇంటిల్లిపాదీ రావడం ఆనవాయితీ; సిటీ బస్సు టికెట్టు ధరకు అంతమంది రాగలిగారంటే అది విమానాశ్రయం ఊళ్ళో ఉండడం వల్లే. విమానాశ్రయం శంషాబాదుకు తరలిపోయినప్పుడు నగరం పోగొట్టుకున్నవాటిలో ఈ చౌక వీడ్కోలు ఒకటి. దాన్ని ఏ ప్రణాళికా నివేదికా లెక్కలోకి తీసుకున్నట్టు కనబడదు.

బేగంపేటకు రైలు దారి మాటేమిటి? వాడి మార్గంలో బేగంపేట స్టేషను పూర్వం నుంచీ ఉంది గాని, దూరప్రాంత రైళ్ళ నడుమ దాన్ని విమానాశ్రయం కోసం వాడుకునేంత తరచుగా లోకల్ రైళ్ళు లేవు. ఆ కొరత 2003 ఆగస్టు 9న ఎంఎంటీఎస్ ప్రారంభంతో తీరింది. ఈ పొడి అక్షరాల పూర్తి అర్థం బహుళ సాధనాల రవాణా వ్యవస్థ అని. రైలును బస్సుతో, మిగతా వాహనాలతో కలిపి ఒకే ప్రయాణంగా మలచడం దాని ఆశయం. మొదటి దశ ఖర్చును రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం చెరి సగం భరించాయి. సికింద్రాబాదులో ఎక్కితే జేమ్స్ స్ట్రీట్, సంజీవయ్య పార్క్ దాటగానే బేగంపేట వస్తుంది. నగర చరిత్రలో మొదటిసారిగా ప్రధాన రైల్వే స్టేషను నుంచి విమానాశ్రయం పొరుగుకు తరచుగా నడిచే చవకైన రైలు దొరికింది. అయితే ఆ భాగ్యం అయిదేళ్ళు నిండకముందే విమానాశ్రయం మూటాముల్లె సర్దుకుంది.

కొత్త విమానాశ్రయానికి 2005 మార్చిలో శంకుస్థాపన జరిగింది. 2008 మార్చి 14న ప్రారంభోత్సవం, 23న వాణిజ్య విమానాల రాకపోకలు. పాత నిర్మాణాన్ని విస్తరించకుండా ఖాళీ నేలపై మొదటి ఇటుక నుంచి కట్టే ఇలాంటి వాటిని గ్రీన్‌ఫీల్డ్ విమానాశ్రయాలంటారు. శంషాబాదులో ఆ నేల దాదాపు 5,500 ఎకరాలు. నిర్మాణ సంస్థలో జీఎంఆర్‌కు 63 శాతం, విమానాశ్రయాల ప్రాధికార సంస్థకు, రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం చొప్పున, మలేషియా విమానాశ్రయాల సంస్థకు 11 శాతం వాటాలతో ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యం కుదిరింది. దీనికి ఆధారం కన్సెషన్ ఒప్పందం. నిర్ణీత కాలం పాటు నడుపుకుని రాబడి పొందే హక్కును ప్రభుత్వం రాసివ్వడమే కన్సెషన్. 150 కిలోమీటర్ల పరిధిలో పోటీ విమానాశ్రయం రాకూడదన్న షరతు కూడా అందులో ఉండడంతో బేగంపేట మూతపడక తప్పలేదు. 1880ల గ్యారంటీకీ దీనికీ పోలిక స్పష్టం. ఒక తేడా ఏమిటంటే ఆనాటి కంపెనీకి హామీగా దొరికింది సొమ్ము, ఈనాటి కంపెనీకి దొరికింది పోటీ లేని నేల. ఒప్పందం విమానాల గురించి ఇంత జాగ్రత్త తీసుకున్న చోట, ప్రయాణికుడు స్టేషను నుంచి అక్కడికి ఏ రైల్లో చేరాలన్న ప్రశ్నకు నేల మీద జవాబు సిద్ధంగా లేదు.

జవాబు రోడ్డు రూపంలో వచ్చింది. 2008లోనే గచ్చిబౌలి నుంచి శంషాబాదు వరకు ఔటర్ రింగ్ రోడ్డు భాగం తెరుచుకుంది. 2009 అక్టోబరులో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే, అంటే స్తంభాల మీద సాగే అడ్డంకులు లేని రోడ్డు, వాడుకలోకి వచ్చింది. రెండూ ప్రధానంగా కార్లకు కలిసొచ్చినవి. సికింద్రాబాదు స్టేషనులో దిగినవారికి పడమటి ఐటీ పేటల మీదుగా వెళ్ళే ఔటర్ రింగ్ రోడ్డుతో పెద్ద ప్రయోజనం లేదు.

బస్సుల్లో మొదట ఏరో ఎక్స్‌ప్రెస్ పేరిట ఏసీ బస్సులు నడిచాయి. తర్వాత ఆర్టీసీ పుష్పక్ పేరుతో విమానాశ్రయ సర్వీసులను చేపట్టింది. బస్సుకు విమానం పేరు పెట్టడం తెలుగువాడికే తోచే చమత్కారం. కుబేరుడి నుంచి రావణుడు లాక్కున్న పుష్పక విమానంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని ప్రతీతి. ఆ గుణం నిజానికి ఏసీ పుష్పక్ కంటే, అఫ్జల్‌గంజ్ నుంచి శంషాబాదు పోయే మామూలు సిటీ బస్సుకే బాగా నప్పుతుంది. విమానాశ్రయంలో సామాను మోసే, నేల తుడిచే, కాపలా కాసే మనుషులకు ఆధారం ఈ మామూలు బస్సులూ, ఆరాంఘర్ చౌరస్తాలో నిండితేగాని కదలని షేర్ ఆటోలూ. పెట్టెలు పెట్టుకునే చోటు, రాత్రింబవళ్ళు నడిచే వేళలు, తక్కువ ఆగే స్థలాలు అన్నవి పుష్పక్ లక్షణాలు. 2019 మార్చిలో తెలంగాణ ఆర్టీసీ 40 ఎలక్ట్రిక్ బస్సులను తెచ్చి విమానాశ్రయ మార్గాల్లో నడిపింది. ఎలక్ట్రిక్ బస్సు ఈ ఊళ్ళో మొదట విమాన ప్రయాణికుడికే దక్కిందన్న సంగతి కొంత ఆలోచింపజేస్తుంది.

నాంపల్లి స్టేషనుది మరో కథ. స్టేషనుకు దగ్గర్లోనే హజ్ హౌస్ ఉంది. ఏటా హజ్ కాలంలో యాత్రికులు అక్కడి శిబిరంలో చేరి, కాగితాలు, సామాను లాంఛనాలు ముగించుకుని, వరుస బస్సుల్లో విమానాశ్రయానికి బయలుదేరుతారు. ఆ కొద్ది వారాలు మాత్రం స్టేషను, శిబిరం, బస్సు, విమానం ఒకే గొలుసులా పనిచేస్తాయి. వేళలు ఒకరి చేతిలో ఉంటే అనుసంధానం ఎలా కుదురుతుందో చూపడానికి నగరంలో దీన్ని మించిన ఉదాహరణ లేదు.

ఉందానగర్ సంగతికి వస్తే, 2012 ప్రాంతంలో మంజూరైన ఎంఎంటీఎస్ రెండో దశలో ఫలక్‌నుమా నుంచి ఉందానగర్ మీదుగా శంషాబాదు విమానాశ్రయం వరకు మార్గాన్ని చేర్చారు. ఈసారి ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది. ఫలక్‌నుమా నుంచి ఉందానగర్ వరకు సుమారు 14 కిలోమీటర్లు పాత మార్గం వెంబడే పని జరిగింది. ఆ తర్వాత మిగిలింది దాదాపు ఆరు కిలోమీటర్లు. ఆ ఆరు కిలోమీటర్లలో పట్టాలు విమానాశ్రయ ప్రాంగణంలోకి ప్రవేశించే విషయమై నిర్వాహకుల సమ్మతి దొరకలేదు. మార్గం ఉందానగర్‌తో ఆగిపోయింది. విద్యుదీకరించిన జంట పట్టాల మీద లోకల్ రైళ్ళు అక్కడికి చేరింది 2023లో. స్టేషను దిగినవాడు విమానం ఎక్కాలంటే మళ్ళీ బస్సో ఆటోనో చూసుకోవాలి. ఇలా రైలు స్టేషనుకు ప్రయాణికులను చేరవేసే, అక్కడినుంచి తీసుకుపోయే చిన్న దూరపు బస్సును ఫీడర్ అంటారు. 1932లో రైల్వే తన సొంత బస్సులతో మొదలుపెట్టిన పని అచ్చంగా ఇదే.

ఇతర నగరాల అనుభవం వేరువేరుగా ఉంది. మద్రాసులో తాంబరం లోకల్ రైలు మార్గం మీనంబాక్కం విమానాశ్రయం ఎదురుగా, రోడ్డుకు అవతలి పక్కన తిరుసూలం స్టేషనులో ఆగుతుంది. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి చెన్నై సెంట్రల్ చేరే తెలుగు ప్రయాణికులు ఎదురుగా ఉన్న పార్క్ స్టేషనుకు నడిచి, ఆ రైలు పట్టుకోవడం చాలాకాలంగా ఎరిగినదే. 2016లో మెట్రో విమానాశ్రయం లోపలికే వచ్చింది. ఢిల్లీలో 2011లో న్యూఢిల్లీ స్టేషను నుంచి ప్రత్యేక మెట్రో మార్గం మొదలైంది. ప్రైవేటు సంస్థ నడిపిన ఆ మార్గం నిర్మాణ లోపాల వల్ల నెలల తరబడి మూతపడి, 2013లో ఢిల్లీ మెట్రో చేతికి వచ్చాక నిలదొక్కుకుంది. హైదరాబాదుతో పాటు 2008లోనే, అదే భాగస్వామ్య పద్ధతిలో విమానాశ్రయం కట్టుకున్న బెంగళూరులో 2021 జనవరి నుంచి ప్రాంగణం సరిహద్దు దగ్గర చిన్న హాల్ట్ స్టేషనులో రైళ్ళు ఆగుతున్నాయి. హైదరాబాదు స్థితికి దగ్గరి పోలిక బెంగళూరే.

హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో ప్రారంభమైంది. నాగోలు నుంచి అమీర్‌పేట వైపు సాగే దాని మార్గం సికింద్రాబాదు స్టేషను తూర్పు ద్వారాన్ని తాకి, ప్యారడైజ్, రసూల్‌పురా, ప్రకాశ్‌నగర్, బేగంపేట స్టేషన్ల మీదుగా పాత విమానాశ్రయం ముంగిట్లోంచి పోతుంది. రైల్వే స్టేషను నుంచి విమానాశ్రయం గుమ్మానికి ఇంతకంటే చక్కని రైలు మార్గం ఈ నగరంలో ఎన్నడూ లేదు. విమానాశ్రయం అక్కడినుంచి వెళ్ళిపోయి తొమ్మిదేళ్ళు దాటడమొక్కటే దాని లోపం.

శంషాబాదుకు మెట్రో పథకం 2022 డిసెంబరు 9న రాయదుర్గం నుంచి 31 కిలోమీటర్ల మార్గానికి శంకుస్థాపనతో మొదలైంది. అంచనా వ్యయం 6,250 కోట్ల రూపాయలు. ఏడాది తిరగగానే ప్రభుత్వం మారింది, మార్గమూ మారింది. రాయదుర్గం దారి ఐటీ ఉద్యోగులకు తప్ప పాత నగరానికి, రైల్వే స్టేషన్ల ప్రయాణికులకు పనికిరాదన్న వాదనతో దాన్ని పక్కనపెట్టి, నాగోలు నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా 36.8 కిలోమీటర్ల మార్గాన్ని రెండో దశలో చేర్చారు. రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన ఆ రెండో దశ ప్రతిపాదన 2024 చివర్లో కేంద్రానికి వెళ్ళింది. కాగితం మీద చూస్తే, సికింద్రాబాదులో రైలు దిగినవారు మెట్రోలో ముందు తూర్పున నాగోలుకు పోయి, అక్కడ మారి, నగరాన్ని అర్ధచంద్రాకారంలో చుట్టి, ఆరాంఘర్ దగ్గర పుష్పక్ బస్సులు నడిచే రోడ్డునే కలుసుకోవాల్సి ఉంటుంది.